కెర్నెల్ డ్రైవర్‌లో రేస్ కండిషన్: దొరకబట్టడం, సరిచేయడం, నిజంగా పోయిందో లేదో చూసుకోవడం ఎలా?

"లాక్ పెట్టాం, అయినా రెండ్రోజులకోసారి క్రాష్ అవుతోంది. ఏం చేయాలి?" నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు బోరు మోటర్లకు లినక్స్ కంట్రోల్ బోర్డులు తయారుచేసేవాళ్లు, ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టు చేసే పిల్లలు పదేపదే అడిగే ప్రశ్న ఇది. రేస్ కండిషన్ అంటే ఒకే డేటాని రెండు పనులు ఒకేసారి ముట్టుకోవడం వల్ల, ఏది ముందు జరిగిందన్న దాన్నిబట్టి ఫలితం మారిపోవడం. ఒకరు ముట్టుకుంటుండగా ఇంకొకరిని ఆపేది లాక్. చాలాసార్లు లాక్ ఉంటుంది, కానీ ఉండాల్సిన చోట ఉండదు. లాక్ కాపాడాల్సింది ఫంక్షన్‌ని కాదు, డేటాని. ఏ డేటానో తేల్చుకోకుండా లాక్ పెడితే క్రాష్ ఆగదు, అరుదుగా మాత్రం మారుతుంది. అప్పుడు పట్టుకోవడం ఇంకా కష్టం.

ఇది క్రాష్‌తో ఆగే సంగతి కూడా కాదు. ఫ్రీ చేసిన మెమరీని డ్రైవర్ మళ్లీ ముట్టుకుంటే, ఆ ఖాళీలో తన డేటా నింపి మామూలు యూజర్ రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అయిపోవచ్చు. లినక్స్‌లోని ఎన్‌-హెచ్‌డీఎల్‌సీ డ్రైవర్‌లో 2009లో చేసిన ఒక మార్పుతో పుట్టిన రేస్ 2017 దాకా బయటపడలేదు. భద్రతా లోపాలకిచ్చే సీవీఈ నంబర్లలో సీవీఈ-2017-2636గా నమోదైన ఆ తప్పుతో ఒకే మెమరీ రెండుసార్లు ఫ్రీ అయ్యేది.

ఇక్కడ ఉదాహరణగా ఒక యూఎస్‌బీ బోర్డు డ్రైవర్‌ని తీసుకుందాం. బోర్డు మూడు ఫేజుల వోల్టేజీ, ఆంప్స్ కొలిచి పంపుతుంది. డ్రైవర్ వాటిని బఫర్‌లో పెడుతుంది. రీడ్‌తో యూజర్ తీసుకుంటాడు, ఐఓసీటీఎల్‌తో (డ్రైవర్‌కి ఆదేశాలిచ్చే సిస్టమ్ కాల్) బఫర్ సైజు మారుస్తాడు. యూఆర్‌బీ (యూఎస్‌బీలో డేటా కోసం పంపే ఒక్కో అభ్యర్థన) పూర్తయినప్పుడు ఒక హ్యాండ్లర్, బోర్డు పలకకపోతే ఒక టైమర్, కేబుల్ ఊడితే డిస్‌కనెక్ట్ నడుస్తాయి. ఫంక్షన్ పేర్లు పలికినట్టే రాశాం. కోడ్‌లో పదాల మధ్య అండర్‌స్కోర్ పెట్టుకోండి.

కావలసినవి

- వర్చువలైజేషన్ ఉన్న ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 16 ఉంటే హాయి. డిస్క్‌లో కనీసం 40 జీబీ ఖాళీ.
- క్యూఈఎంయూ-కేవీఎం వర్చువల్ మెషీన్: 4 సీపీయూలు, 4 జీబీ ర్యామ్. ఒకే సీపీయూ ఇస్తే చాలా రేస్‌లు అసలు కనబడవు.
- బోర్డులో నడుస్తున్న కెర్నెల్ వెర్షన్ సోర్స్. "దాదాపు అదే" పనికిరాదు.
- రెండు వేర్వేరు కెర్నెల్ బిల్డ్‌లు. ఒకటి కేసాన్‌తో, ఇది ఫ్రీ చేసిన మెమరీ వాడకాన్ని పట్టిస్తుంది. రెండోది కేసీసాన్‌తో, ఇది డేటా రేస్‌ని పట్టిస్తుంది, 5.8 వెర్షన్ నుంచి కెర్నెల్‌లో ఉంది. రెండింటినీ ఒకే బిల్డ్‌లో పెట్టడం కుదరదు. ప్రూవ్ లాకింగ్ (లాక్‌ల వరుసని సరిచూసే లాక్‌డెప్‌ని నడుపుతుంది), డీబగ్ అటామిక్ స్లీప్ (నిద్రపోకూడని చోట నిద్రపోతే చెబుతుంది) ఆప్షన్లను మాత్రం రెండింటిలోనూ ఆన్ చేయండి.
- సీ భాషలో రాసిన చిన్న టెస్ట్ ప్రోగ్రామ్, పీథ్రెడ్స్ అనే థ్రెడ్ లైబ్రరీతో.
- ఒక తెల్లకాగితం. మొదటి మెట్టుకి ఇదే ముఖ్యం.

హెచ్చరిక: నిజమైన మోటర్‌కి కలిపి ఉన్న బోర్డు మీద పరీక్ష చేయొద్దు. రిలే నుంచి స్టార్టర్ కాయిల్‌కి వెళ్లే వైరు తీసేయండి. కెర్నెల్ పడిపోయిన క్షణాన రిలే ఏ స్థితిలో ఉంటుందో చెప్పలేం. మోటర్ నీళ్లు లేకుండా తిరిగి కాలిపోవచ్చు, దగ్గరున్న మనిషికి ప్రమాదం జరగొచ్చు. బోర్డు చేతిలో లేకపోతే డమ్మీ హెచ్‌సీడీ, రా గ్యాడ్జెట్ మాడ్యూల్స్‌తో వర్చువల్ మెషీన్‌లోనే నకిలీ యూఎస్‌బీ పరికరాన్ని సృష్టించుకోవచ్చు.

1. ఎవరు దేన్ని ముట్టుకుంటున్నారో రాయండి

డ్రైవర్ స్ట్రక్చర్‌లోని ప్రతి ఫీల్డ్‌నీ కాగితం మీద ఒక వరుసగా రాయండి. పక్కన మూడు గడులు: ఎవరు చదువుతారు, ఎవరు రాస్తారు, ఆ కోడ్ ఏ సందర్భంలో నడుస్తుంది. సందర్భం అంటే యూజర్ పిలిచిన ప్రాసెసా, ఇంటరప్టా (హార్డ్‌వేర్ పిలుపు), టైమరా, వర్క్‌క్యూనా (కెర్నెల్ తర్వాత చేయడానికి పెట్టుకునే పనుల వరుస; అందులో ఒక్కో పని ఒక "వర్క్") అని. ఇద్దరు ముట్టుకుని అందులో ఒక్కరు రాసినా సరే, ఆ ఫీల్డ్‌కి కాపలా కావాలి. ఆ కాపలా ఏ లాకో నాలుగో గడిలో రాయండి. ఆ గడి ఖాళీగా మిగిలిన ప్రతి ఫీల్డ్‌నీ అనుమానించండి.

మన ఉదాహరణలో బఫర్ పాయింటర్‌ని రీడ్ చదువుతుంది, ఐఓసీటీఎల్ మారుస్తుంది, యూఆర్‌బీ హ్యాండ్లర్ అందులో డేటా పెడుతుంది, చివర్లో ఫ్రీ చేసే కోడ్ వదిలేస్తుంది. ఒక్క పాయింటర్ మీద నాలుగు చేతులు.

"ఈ డివైస్‌ని తెరిచేది మా ప్రోగ్రామ్ ఒక్కటే" అనే ధీమా వద్దు. ఒకసారి తెరిచిన డిస్క్రిప్టర్‌ని (తెరిచిన ఫైల్‌కి గుర్తుగా వచ్చే నంబర్) ఒకే ప్రోగ్రామ్‌లోని రెండు థ్రెడ్‌లు వాడితే చాలు, రేస్ వచ్చేస్తుంది. ఫోర్క్ అయిన పిల్ల ప్రాసెస్‌కీ అదే డిస్క్రిప్టర్ అందుతుంది. రెండోసారి తెరవనివ్వకుండా ఓపెన్‌లో మామూలు ఇంటిజర్‌తో లెక్కపెట్టి ఆపే పద్ధతి ఒకటుంది. ఆ లెక్కలోనే మళ్లీ రేస్ ఉంటుంది.

2. లాక్ ముట్టుకోకముందే తప్పు రప్పించండి

తప్పు మీరు పిలిచినప్పుడు రావాలి. రాని తప్పుని సరిచేశామని రుజువు చేయలేం.

టెస్ట్ ప్రోగ్రామ్‌లో ఒకే డిస్క్రిప్టర్ మీద నాలుగు థ్రెడ్‌లు నడపండి. రెండు ఆగకుండా రీడ్ చేస్తుంటాయి. రెండు ఐఓసీటీఎల్‌తో బఫర్ సైజుని 64కి, 4096కి మార్చి మార్చి పెడుతుంటాయి. కేసాన్ బిల్డ్ మీద నడపండి.

రాకపోతే కిటికీని, అంటే తప్పు జరగడానికి వీలున్న ఆ కొద్ది వ్యవధిని, పెద్దది చేయండి. రీడ్‌లో పాయింటర్ తీసుకున్న వరుసకీ కాపీ టు యూజర్ వరుసకీ మధ్య తాత్కాలికంగా ఎంస్లీప్ 50 (50 మిల్లీసెకన్ల నిద్ర) పెట్టండి. అది ప్రాసెస్ సందర్భం కాబట్టి నిద్రపోవచ్చు. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో అయితే నిద్రపోకుండా ఆగే ఎండిలే మాత్రమే, అదీ 1 లేదా 2 మిల్లీసెకన్లు. రెండ్రోజులకోసారి వచ్చే క్రాష్ ఇలా చేస్తే క్షణాల్లో రావచ్చు.

లాగ్‌ని వర్చువల్ మెషీన్ సీరియల్ కన్సోల్ నుంచి బయటి ఫైల్‌లోకి మళ్లించండి. లేదంటే కెర్నెల్ పడిపోయినప్పుడు చివరి వరుసలు, అంటే మీకు కావలసినవే, పోతాయి. కేసాన్ సాధారణంగా మొదటి తప్పుని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది. అన్నీ కావాలంటే బూట్ లైన్‌లో కేసాన్ మల్టీ షాట్ చేర్చండి. రిపోర్ట్‌లో మూడు స్టాక్‌లు చూడండి: ఎక్కడ ముట్టుకుంది, ఎక్కడ కేటాయించింది, ఎక్కడ ఫ్రీ చేసింది. ముట్టుకున్న చోటూ ఫ్రీ చేసిన చోటూ మీ రేస్‌కి రెండు కొసలు. సోర్స్‌లోని డీకోడ్ స్టాక్‌ట్రేస్ స్క్రిప్ట్ ఆ చిరునామాలను ఫైల్, లైన్ నంబర్లుగా మార్చి ఇస్తుంది.

తప్పు సగటున ఎంత సేపటికి వస్తోందో రాసిపెట్టుకోండి. ఆరో మెట్టులో ఆ అంకె కావాలి.

3. లాక్ ఎంచుకోండి

ఆ డేటాని ముట్టుకునే అందరూ నిద్రపోగల సందర్భంలో ఉంటే మ్యూటెక్స్ (దొరికే దాకా నిద్రపోయి ఎదురుచూసే లాక్). ఒక్కరైనా ఇంటరప్ట్‌లోనో టైమర్‌లోనో ఉంటే స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్). ప్రాసెస్ వైపు ఇంటరప్ట్‌లను కూడా ఆపే స్పిన్ లాక్ ఐఆర్‌క్యూ సేవ్ వాడాలి. మామూలు స్పిన్ లాక్ పట్టుకుని ఉండగా అదే సీపీయూ మీద ఇంటరప్ట్ వచ్చి అదే లాక్ అడిగితే ఆ సీపీయూ అక్కడే ఆగిపోతుంది.

స్పిన్‌లాక్ పట్టుకుని కాపీ టు యూజర్, కాపీ ఫ్రమ్ యూజర్, జీఎఫ్‌పీ కెర్నెల్ ఫ్లాగ్‌తో కేమాలాక్ (మెమరీ కేటాయించే ఫంక్షన్) పిలవకూడదు. ఇవి నిద్రపోవచ్చు. "మాకు ఎప్పుడూ ఏమీ కాలేదు" అంటే ఆ పేజీ అప్పటికే మెమరీలో ఉందనే అర్థం.

మరి మన బఫర్‌ని హ్యాండ్లర్ కూడా ముట్టుకుంటుంది, రీడ్ యూజర్‌కి కాపీ కూడా చేయాలి కదా? ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. రెండు లాక్‌లు కావాలి, నియమం ఒక్కటే: పాయింటర్‌ని మార్చాలంటే రెండూ పట్టుకోవాలి, చదవాలంటే ఏదో ఒకటి చాలు. బఫర్ లోపలి డేటాకి మాత్రం ఎప్పుడూ స్పిన్‌లాకే కాపలా. రీడ్, ఐఓసీటీఎల్ ముందు మ్యూటెక్స్ తీసుకుంటాయి. ఐఓసీటీఎల్ పాయింటర్ మార్చే రెండు మూడు వరుసలకు లోపల స్పిన్‌లాక్ కూడా తీసుకుంటుంది. హ్యాండ్లర్ స్పిన్‌లాక్ మాత్రమే తీసుకుంటుంది. రీడ్ మ్యూటెక్స్ కింద ఉండి, స్పిన్‌లాక్ తీసుకుని ఒక శాంపిల్‌ని లోకల్ వేరియబుల్‌లోకి కాపీ చేసుకుని, స్పిన్‌లాక్ వదిలి, అప్పుడు యూజర్‌కి ఇస్తుంది. శాంపిల్ 64 బైట్లయితే స్టాక్ మీద పెట్టుకోవచ్చు. వేల బైట్లు పెట్టొద్దు. 64-బిట్ ఎక్స్86లో కెర్నెల్ స్టాక్ మొత్తం 16 కేబీనే.

ఇక్కడ యూఆర్‌బీకి దాని సొంత ట్రాన్స్‌ఫర్ బఫర్ వేరుగా ఉందనీ, హ్యాండ్లర్ అందులోంచి మన బఫర్‌లోకి కాపీ చేస్తుందనీ అనుకుంటున్నాం. హార్డ్‌వేర్ నేరుగా మీ బఫర్‌లోకే రాస్తుంటే ఏ లాకూ దాన్ని ఆపదు. యూఎస్‌బీ కిల్ యూఆర్‌బీతో ఆపి, ఆ తర్వాతే బఫర్ మార్చాలి.

లాక్‌ల వరుస అన్ని దారుల్లో ఒకటే ఉండాలి: ముందు మ్యూటెక్స్, లోపల స్పిన్‌లాక్. స్ట్రక్చర్ డిక్లరేషన్‌లో ప్రతి లాక్ పక్కన "ఇది వీటిని కాపాడుతుంది" అని కామెంట్ రాయండి. ఆర్నెల్ల తర్వాత కోడ్ ముట్టుకునేవాళ్లకు అదే ఆధారం.

4. చూడటం, చేయడం ఒకే లాక్ కింద పెట్టండి

అన్నదమ్ముల ఉమ్మడి బోరు దగ్గర మోటర్ ఆగి ఉందని పెద్దాయన చూసి ఫ్యూజు మార్చడానికి వెళ్తే, ఈలోపు చిన్నాయన వచ్చి స్టార్టర్ నొక్కితే ఏమవుతుంది? పెద్దాయన చూసింది నిజమే, కానీ చేయి పెట్టే వేళకి అది నిజం కాదు. లాక్ కింద లెంగ్త్ చూసి, లాక్ వదిలి, మళ్లీ లాక్ తీసుకుని కాపీ చేసే కోడ్ సరిగ్గా ఇదే. లాక్‌లు రెండుచోట్లా ఉన్నాయి, కాపలా మాత్రం లేదు.

ఐఓసీటీఎల్‌లో బఫర్ మార్పిడి ఈ వరుసలో చేయండి:

- కొత్త సైజు హద్దులో ఉందో లేదో చూడండి.
- లాక్ తీసుకోకముందే కొత్త బఫర్ కేటాయించండి.
- మ్యూటెక్స్, దాని లోపల స్పిన్‌లాక్ తీసుకుని పాయింటర్, లెంగ్త్, రీడ్-రైట్ స్థానాలు అన్నీ కలిపి ఒకేసారి మార్చండి. లెంగ్త్ మరిచిపోతే 64 బైట్ల బఫర్‌ని 4096 అనుకుని చదువుతారు.
- లాక్‌లు వదిలాక పాత బఫర్‌ని ఫ్రీ చేయండి. ఇది ఎందుకు సురక్షితం అంటే, పాత పాయింటర్‌ని ఎవరూ లాక్ దాటించి పట్టుకుని లేరు కాబట్టి. ఏ దారిలోనైనా పాయింటర్‌ని లోకల్ వేరియబుల్‌లో దాచి లాక్ వదిలేస్తుంటే ఈ మెట్టంతా వృథా.

మధ్యలో రిటర్న్ అయ్యే ప్రతి ఎర్రర్ దారిలో లాక్ వదులుతున్నారా చూడండి. గోటూతో చివర ఒక్కచోటే వదలడం పాత, నమ్మకమైన పద్ధతి. 6.5 నుంచి వచ్చిన గార్డ్ మ్యూటెక్స్ అయితే అది ఉన్న కోడ్ బ్లాక్ దాటగానే దానంతటదే వదులుతుంది. పాత కెర్నెల్‌కీ వెళ్లాల్సిన ప్యాచ్ అయితే గోటూనే మేలు.

డేటా కోసం రీడ్ ఎదురుచూసేటప్పుడు మ్యూటెక్స్ పట్టుకుని నిద్రపోవద్దు. వదిలి వెయిట్ ఈవెంట్ ఇంటరప్టిబుల్‌లో ఉండి, లేవగానే లాక్ తీసుకుని షరతుని మళ్లీ చూడాలి. మీరు లేచే లోపు ఇంకో థ్రెడ్ ఆ డేటా తీసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లి ఎదురుచూడాలి.

యూజర్ ఇచ్చిన స్ట్రక్చర్‌ని కూడా ఒక్కసారే కాపీ చేసుకోండి. ముందు సైజు ఫీల్డ్ కాపీ చేసి సరిచూసి, తర్వాత మొత్తం స్ట్రక్చర్ కాపీ చేస్తే, ఆ మధ్యలో యూజర్ రెండో థ్రెడ్‌తో సైజు మార్చేస్తాడు. అతని మెమరీకి మీ లాక్ కాపలా కాయదు.

5. డిస్‌కనెక్ట్: లాక్ ఒక్కటే సరిపోని చోటు

కరెంటు వోల్టేజీ పడిలేచే చోట యూఎస్‌బీ పరికరం ఊడి మళ్లీ తగులుకోవడం మామూలే. స్టార్టర్ పడిన ప్రతిసారీ అలా జరిగే బోర్డులున్నాయి. టేబుల్ మీద అరుదైన డిస్‌కనెక్ట్ దారి, దేవరకొండలోనో అచ్చంపేటలోనో బోరు డబ్బాలో రోజూ నడుస్తుంది. అందుకే దీన్ని చివరికి నెట్టేయకండి.

లాక్ ఉన్నదే ఆ స్ట్రక్చర్‌లో. స్ట్రక్చరే ఫ్రీ అయిపోతే పట్టుకోవడానికి లాక్ ఎక్కడుంది? అందుకని స్ట్రక్చర్‌కి కేరెఫ్ లెక్క (ఎంతమంది దాన్ని వాడుతున్నారన్న లెక్క) పెట్టండి. పరికరం తగిలినప్పుడు నడిచే ప్రోబ్‌లో ఒకటి, ప్రతి ఓపెన్‌కీ ఒకటి. రిలీజ్, డిస్‌కనెక్ట్ ఒక్కోటి తగ్గిస్తాయి. చివరిది తగ్గినప్పుడే ఫ్రీ. ఈ స్ట్రక్చర్‌ని డెవ్‌ఎం కేజాలాక్‌తో కేటాయించొద్దు. డ్రైవర్ విడిపోగానే ఆ మెమరీ ఫ్రీ అవుతుంది, యూజర్ చేతిలో ఫైల్ ఇంకా తెరిచే ఉంటుంది. సులువుగా ఉందని దాన్ని వాడి దెబ్బతిన్న డ్రైవర్లు ఎన్నో.

డిస్‌కనెక్ట్‌లో వరుస ఇది:

- యూఎస్‌బీ డీరిజిస్టర్ డెవ్. దీని తర్వాత కొత్త ఓపెన్‌లు రావు.
- మ్యూటెక్స్ తీసుకుని డిస్‌కనెక్టెడ్ ఫ్లాగ్ పెట్టి, మ్యూటెక్స్ వదలండి. రీడ్, ఐఓసీటీఎల్ మ్యూటెక్స్ తీసుకోగానే మొదట ఈ ఫ్లాగ్ చూసి మైనస్ ఈనోడెవ్ (పరికరం లేదనే ఎర్రర్) ఇవ్వాలి.
- టైమర్‌ని, వర్క్‌ని, యూఆర్‌బీలను ఆపండి. అన్నీ "సింక్" రకాలే, అంటే నడుస్తున్న హ్యాండ్లర్ పూర్తయ్యే దాకా ఆగేవే వాడాలి. టైమర్ వర్క్‌ని లేపి, వర్క్ మళ్లీ టైమర్‌ని పెడుతుంటే ఏది ముందు ఆపినా రెండోది దాన్ని బతికిస్తుంది. 6.2 నుంచి ఉన్న టైమర్ షట్‌డౌన్ సింక్ వాడితే ఆ టైమర్‌ని మళ్లీ ఎవరూ పెట్టలేరు. యూఆర్‌బీలకు ఇదే పని యూఎస్‌బీ పాయిజన్ యూఆర్‌బీ చేస్తుంది.
- నిద్రపోతున్న రీడర్లను లేపండి. వాళ్లు ఎదురుచూసే షరతులో ఈ ఫ్లాగ్ కూడా ఉండాలి, లేకపోతే లేచి మళ్లీ పడుకుంటారు.
- చివర్లో కేరెఫ్ పుట్, అంటే ఆ లెక్క ఒకటి తగ్గించడం.

వర్క్ తీసుకునే మ్యూటెక్స్‌ని మీరు పట్టుకుని ఉండి క్యాన్సిల్ వర్క్ సింక్ పిలిస్తే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. రెండో అంశంలో మ్యూటెక్స్ వదలమన్నది ఇందుకే.

6. పోయిందో లేదో చూసుకోవడం

మొదట ఎంస్లీప్ అలాగే ఉంచి, సరిచేసిన కోడ్‌ని అదే టెస్ట్‌తో నడపండి. తర్వాత ఎంస్లీప్ తీసేసి నడపండి. ఎంత సేపు? తప్పు సగటున 10 నిమిషాలకోసారి వచ్చేదనుకోండి. 30 నిమిషాలు రాకపోయినా, అది ఉత్త అదృష్టం కావడానికి ఇంకా 5 శాతం అవకాశం ఉంది. 100 నిమిషాలు నడిపితే అది సుమారు 0.005 శాతానికి పడిపోతుంది. కాబట్టి సగటుకి పదింతలు నడపండి. రాత్రంతా వదిలేసేటట్టయితే కరెంటు పోయినా లాగ్ మిగిలేలా చూసుకోండి. లాగ్ మధ్యలో తెగితే ఆ పరుగు లెక్కలోకి రాదు.

డిస్‌కనెక్ట్ కోసం కేబుల్ గుంజుతూ కూర్చోనక్కర్లేదు. సిస్ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ సంగతులను ఫైళ్లుగా చూపే చోటు) మీ డ్రైవర్ డైరెక్టరీలోని అన్‌బైండ్ ఫైల్‌లో ఇంటర్‌ఫేస్ పేరు, 1-2:1.0 వంటిది, రాస్తే డిస్‌కనెక్ట్ నడుస్తుంది. బైండ్‌లో రాస్తే ప్రోబ్ నడుస్తుంది. నాలుగు థ్రెడ్‌లు రీడ్ చేస్తుండగా దీన్ని షెల్ లూప్‌లో తిప్పండి.

"రిపోర్ట్ రాలేదు" అంటే తప్పులు పట్టే సాధనం పనిచేస్తూ ఉండి రాలేదా, అసలు పనిచేయకే రాలేదా చూడాలి:

- బూట్ లాగ్‌లో కేసాన్, కేసీసాన్ మొదలైనట్టు వరుస ఉండాలి.
- లాక్‌డెప్ ఒక హెచ్చరిక ఇచ్చాక ఆగిపోతుంది. ప్రాక్‌లోని లాక్‌డెప్ స్టాట్స్ ఫైల్‌లో డీబగ్ లాక్స్ విలువ 1 ఉండాలి. 0 ఉంటే అది ఎప్పుడో ఆగిపోయింది. మీ పరీక్షలో లాక్ వరుసని ఎవరూ చూడలేదు.
- కేసీసాన్ ప్రతి యాక్సెస్‌నీ చూడదు. మామూలుగా 4000 యాక్సెస్‌లు వదిలి ఒకదాన్ని కాస్తుంది. స్కిప్ వాచ్ విలువ తగ్గించండి, నెమ్మదిస్తుంది కానీ ఎక్కువ పడుతుంది. స్ట్రిక్ట్ ఆప్షన్ కూడా పెట్టండి. లేకపోతే వర్డ్ సైజు రాతలను అటామిక్ అనుకుని వదిలేస్తుంది.
- అదే బిల్డ్‌లో మీ ప్యాచ్‌ని వెనక్కి తీసి మళ్లీ నడపండి. తప్పు తిరిగి రావాలి. రాకపోతే మీ టెస్ట్ దాన్ని పట్టడం లేదన్నమాట.

తరచూ చేసే తప్పులు

ప్రింట్‌కే (లాగ్‌లో రాసే కెర్నెల్ ఫంక్షన్) చేర్చగానే క్రాష్ ఆగిందని దాన్నే ఉంచేయడం. అది సమయాన్ని జరిపిందంతే, వేరే ల్యాప్‌టాప్ మీద మళ్లీ వస్తుంది.

వేరియబుల్‌కి వోలటైల్ పెట్టడం. కంపైలర్ ఆ విలువని దాచుకోకుండా చేస్తుంది తప్ప ఇద్దరు ఒకేసారి ముట్టుకోవడాన్ని ఆపదు. కేసీసాన్ రిపోర్ట్ వచ్చిన చోటల్లా రీడ్ వన్స్, రైట్ వన్స్ అనే మాక్రోలు తగిలించడమూ ఇలాంటిదే. రిపోర్ట్ నోరు మూస్తుంది, చూడటానికీ చేయడానికీ మధ్య కిటికీ అలాగే ఉంటుంది. లాక్ లేకుండా కావాలనే చదివే చోట మాత్రమే అవి సరైనవి.

పాయింటర్, లెంగ్త్ రెండింటినీ విడివిడిగా అటామిక్ చేయడం. విడిగా ఒక్కోటి సరిగానే ఉంటుంది, జత తప్పుతుంది.

రీడ్‌లో లాక్ పెట్టి ఐఓసీటీఎల్‌లో మరవడం. ఒకవైపు లాక్ అంటే లాక్ లేనట్టే.

ప్యాచ్ చేరేలోపు, చేర్చేటప్పుడు

పొలాల్లో ఇప్పటికే బిగించిన బోర్డుల్లో ముందు యూడెవ్ (డివైస్ ఫైళ్లను చూసుకునే ప్రోగ్రామ్) రూల్‌తో డివైస్ ఫైల్ అనుమతిని 0600కి, లేదా ప్రత్యేక గ్రూప్‌తో 0660కి తగ్గించండి. మామూలు యూజర్‌కి దారి మూసుకుంటుంది. మీ సొంత ప్రోగ్రామ్ వల్ల వచ్చే క్రాష్‌కి మాత్రం ఇది మందు కాదు. డ్రైవర్ వాడకంలో లేకపోతే మాడ్యూల్‌ని బ్లాక్‌లిస్ట్ చేయండి.

తప్పు మీ డ్రైవర్‌లో కాక లినక్స్‌లోనే ఉన్న డ్రైవర్‌లో దొరికితే, దాడికి వీలున్నదైతే, బహిరంగంగా రాయకముందు కెర్నెల్ సెక్యూరిటీ టీమ్‌కీ ఆ డ్రైవర్ మెయింటైనర్‌కీ ప్రైవేట్‌గా పంపండి. గెట్ మెయింటైనర్ స్క్రిప్ట్ పేర్లు చెబుతుంది. సరైన ప్యాచ్ సిద్ధమయ్యాక ఆ టీమ్ సాధారణంగా 7 రోజులకు మించి గుట్టుగా ఉంచదు. సీవీఈ నంబర్లను 2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ వాళ్లే ఇస్తున్నారు. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి కూడా తెలియజేయవచ్చు.

ప్యాచ్ సందేశంలో రెండు సీపీయూల వరుసని పక్కపక్కన రెండు నిలువు గడులుగా గీయండి: ఎడమవైపు రీడ్ ఏ వరుసలో ఉంది, అదే సమయంలో కుడివైపు ఐఓసీటీఎల్ ఏం చేసింది. సమీక్షించేవాళ్లు మొదట వెతికేది అదే. ఫిక్సెస్ ట్యాగ్‌లో తప్పు పుట్టిన కమిట్ ఐడీలోని మొదటి 12 అక్షరాలు రాసి, పాత కెర్నెల్‌లను చూసే స్టేబుల్ మెయిలింగ్ లిస్ట్‌కి సీసీ పెట్టండి. లాక్ చేర్చిన ప్యాచ్‌లో పేర్ల మార్పులు, ఖాళీల సర్దుబాట్లు కలపొద్దు; పాత కెర్నెల్‌లకు తీసుకెళ్లేవాళ్లకు అవి అడ్డం పడతాయి. ఎంస్లీప్ తీసేశారో లేదో పంపే ముందు ఇంకోసారి చూసుకోండి.